నల్లబండపాడులో మైనస్ నలభై

మా ఊళ్ళో ఎండ కాస్తోందా లేదా అన్నది తేల్చే అధికారం మొన్న ఏప్రిల్ దాకా ఎండకే ఉండేది. మే నెల మొదట్లో కమిషనర్ గారు ఆ అధికారాన్ని లాగేసి తన కారుకు ఇచ్చారు. ఆ కారు నడిపేవాణ్ణి నేనే కాబట్టి ఈ వ్యవహారంలో నాకు తెలియనిది చాలా తక్కువ.

నా పేరు సైదులు. నల్లబండపాడు పురపాలక సంఘంలో పద్నాలుగేళ్ళుగా డ్రైవర్ని. మాది పల్నాడు. నేల కింద నాపరాయి, నేల మీద నాపరాయి, ఇంటికప్పూ నాపరాయే. మే నెల వచ్చిందంటే ఊరు ఊరంతా పెనం. మధ్యాహ్నం పన్నెండు దాటితే కుక్కలు కూడా రోడ్డు దాటే పనుల్ని సాయంత్రానికి వాయిదా వేసుకుంటాయి. ఆ వేళప్పుడు రోడ్డు మీద కనిపించేది మా పారిశుధ్య కార్మికులు ఒక్కళ్ళే. మొత్తం నలభై ఆరుమంది.

వాళ్ళలో మెయిన్ బజారు ఊడ్చే మనిషి నాసరమ్మ. వయసు యాభై పైమాటే. కిందటి మే నెలలో ఆమె పక్కనే ఊడుస్తున్న ఏసోబు చీపురు పట్టుకునే కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఆసుపత్రివాళ్ళు వడదెబ్బ అని రాశారు. అప్పట్నుంచి పన్నెండు కొట్టిందంటే నాసరమ్మ ఊడుస్తూనే పక్కవాళ్ళ కాళ్ళవంక చూస్తూ ఉంటుంది, ఎవరు తూలుతున్నారోనని.

ఈ ఏడు ప్రభుత్వం ఒక మంచి ఉత్తర్వు ఇచ్చింది. ఎండ నలభై రెండు డిగ్రీలు దాటినచోట పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరినీ ఆరుబయట పనిలో పెట్టకూడదు. ఆ కాగితం జిరాక్స్ పట్టుకుని నాసరమ్మ, ఆమె వెనక మరో పదిమంది కమిషనర్ విద్యాధరరావు గారి గదికి వచ్చారు. నేను కారు తాళాలు పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను.

"అయ్యా, ఎండ మండిపోతంది. ఈ కాయితం ప్రకారం మమ్మల్ని ఆ నాలుగు గంటలూ నీడపట్టున ఉండనియ్యండి" అంది నాసరమ్మ.

విద్యాధరరావు గారు మా ఊరొచ్చి రెండు నెలలే అయింది. అంతకుముందు రాజధానిలో మూడు రోజులు డేటా మీద శిక్షణ పొందారు. మామూలుగా ఇలాంటి శిక్షణలు భోజనాలతో సరిపోతాయి గానీ, ఈయనకు మాత్రం బాగా ఒంటబట్టింది.

"ఎండగా ఉందని నీకెవరు చెప్పారు?" అన్నారు.

నాసరమ్మ నుదుటి మీద చెమటను చూపుడువేలితో గీసి నేల మీద విదిలించింది.

"చెమట అనేది ఒక అభిప్రాయం మాత్రమేనమ్మా" అన్నారాయన శాంతంగా. "నాకు డేటా కావాలి. డేటా వచ్చిన రోజున విరామం ఇవ్వకపోతే నన్నడుగు."

ఆఫీసులో ఒక థర్మామీటర్ ఉండేది. ఎవరో మందుల దుకాణంవాళ్ళు బహూకరించింది. నాలుగేళ్ళ కిందట గోడలకు సున్నం వేసినప్పుడు దానికీ వేసేశారు. కాబట్టి అది డేటా ఇవ్వదు. ఇక ఊరి మొత్తానికి మిగిలింది కమిషనర్ గారి కొత్త కారు. అందులో క్లైమేట్ కంట్రోల్ అని ఒకటుంది. బయట ఎంత వేడిగా ఉందో కారే కనిపెట్టి తెర మీద అంకె చూపిస్తుంది, ఆ అంకెను బట్టి లోపల ఎంత చల్లదనం కావాలో తనే చూసుకుంటుంది. కమిషనర్ గారు ఆ అంకెను రోజూ చూస్తూనే ఉన్నారు. ఆ వేళ దాన్ని గుర్తించారు.

సర్క్యులర్ రాసింది సూపరింటెండెంట్ సోమయాజులు గారు. ఆయన తన పెళ్ళి శుభలేఖలో కూడా 'తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు' అని వేయించారని ఆఫీసులో చెప్పుకుంటారు. అది అబద్ధమే కావచ్చు, ఈ సర్క్యులర్ మాత్రం నేను కళ్ళారా చదివాను.

'ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, నల్లబండపాడు పట్టణ ఉష్ణోగ్రత అనగా కమిషనరు వారి అధికార వాహనము తెరపై కనబడు బయటి ఉష్ణోగ్రతయే అని భావించవలెను. మరి ఏ ఇతర ఉష్ణోగ్రతయు చెల్లదు. సదరు ఉష్ణోగ్రత ప్రతి దినము మధ్యాహ్నము పన్నెండు గంటలకు నమోదు చేయబడును. వరుసగా ఏడు దినములు నలభై రెండు డిగ్రీలు దాటినచో ఎనిమిదవ దినము నుండి కార్మికులకు విరామము మంజూరు చేయబడును. వాహనములోని క్లైమేట్ కంట్రోలును ఆటో పద్ధతిలోనే ఉంచవలెను. దానిని చేతితో తాకుట డేటాను తారుమారు చేయుటగా పరిగణించబడును.'

ప్రభుత్వ ఉత్తర్వులో లేని ఆ ఏడు రోజుల షరతు ఎందుకని అడిగాను. "తొందరపాటు లేకుండా ఉండాలి కదయ్యా. ఎండ మనసు మార్చుకోవచ్చు" అన్నారు సోమయాజులు గారు.

ఇంత గొప్ప పథకానికి ప్రారంభోత్సవం లేకపోతే ఎలా? ఆఫీసు ముందు షామియానా వేశారు. కారుకు పసుపు రాసి బొట్లు పెట్టి బంతిపూల దండ వేశాను. ఇంజన్ ఆన్ చేసి ఉంచాను. తెర మీద నలభై నాలుగు కనబడుతోంది. నాసరమ్మావాళ్ళు దూరంగా నిలబడి ఆ అంకె ఎంతో నన్ను సైగ చేసి అడిగారు. నేను వేళ్ళతో చూపిస్తే వాళ్ళ మొహాలు కాస్త వికసించాయి.

కొబ్బరికాయ కొట్టడానికి కారు ముందు ఒక రాయి పెట్టి ఉంచాను. కమిషనర్ గారు రాయి మీద కొట్టబోతే, ఫొటోగ్రాఫర్ అడ్డం పడి, "సార్, రాయి మీదైతే కారు ఫొటోలోకి రావట్లేదు" అన్నాడు. అయితే కారు మీదే కొడదామన్నారు సార్. ముందు బంపర్ కింది అంచు మీద ఒకటి, రెండు, మూడు దెబ్బలు వేశారు. మూడో దెబ్బకు పెటుక్కుమని చప్పుడొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చూస్తే కాయ చెక్కు చెదరకుండా ఉంది.

సరిగ్గా పన్నెండు గంటలకు కమిషనర్ గారు కారులోకి తొంగి చూసి తొలి ఉష్ణోగ్రతను మైకులో ప్రకటించారు.

"మైనస్ నలభై."

షామియానా కింద కాసేపు ఎవరూ విసనకర్ర కూడా ఊపలేదు. సోమయాజులు గారు మాత్రం రిజిస్టర్ తెరిచి, తారీఖు వేసి, మైనస్ గుర్తు కాస్త పెద్దదిగా పెట్టి నలభై అని రాసి, కమిషనర్ గారి సంతకం తీసుకున్నారు. ఒకసారి రిజిస్టర్‌లోకి ఎక్కాక దాన్ని దింపే మొనగాడు మా ఆఫీసులో ఇంతవరకు పుట్టలేదు.

మర్నాడు సార్‌ని ఎక్కించుకుని బయల్దేరాను. కారు కదిలిన రెండు నిమిషాలకు మా ఇద్దరి మొహాల మీదికి వేడిగాలి కొట్టడం మొదలైంది.

"సైదులూ, ఏసీ వెయ్యి."

"వేసే ఉంది సార్. ఆటోలో."

"మరి ఈ గాలేంటి?"

"హీటర్ సార్. బయట చలిగా ఉందని కారు దాని పాటికది వేసుకుంది."

ఆయన చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగింది. తాకితే డేటాను తారుమారు చేసినట్టవుతుందని ఆయనే సంతకం పెట్టారు. పోనీ అద్దాలు దించమంటారా అని అడిగాను. మైనస్ నలభైలో కమిషనర్ అద్దాలు దించుకుని పోతుంటే జనం ఏమనుకుంటారన్నారు. మార్కెట్ తనిఖీ నుంచి ఆఫీసుకు తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా పిండితే బిందెడు నీళ్ళొచ్చేలా ఉంది. నాదీ అంతే, కాకపోతే నా చొక్కా గురించి ఎవరికీ పట్టింపు లేదు.

ఆ సాయంత్రం కారును జానీబాషా షెడ్డుకు తీసుకుపోయాను. బాషా మా ఊరి మెకానిక్. బండి చప్పుడు విని రోగం చెప్పగలడు. వాడు బంపర్ కిందికి దూరి, గ్రిల్ వెనకాల వైర్ల మధ్య వేలాడుతున్న బఠాణీ గింజంత వస్తువును చూపించాడు.

"సెన్సర్ ఇదేనన్నా. బయట వేడి ఎంతుందో కారుకి చెప్పేది ఇదే." అని వేడి టీ గ్లాసు తెప్పించి దానికి ఆనించాడు. తెర మీద మైనస్ నలభై కదల్లేదు. ప్లగ్ ఊడదీసి మీటర్ పెట్టి చూశాడు. మీటర్ ముల్లూ కదల్లేదు. "లోపల తెగిపోయింది. వేడి పెరిగేకొద్దీ దీంట్లోంచి కరెంటు తేలిగ్గా పోయిద్ది, చలికి కష్టంగా పోయిద్ది. ఇప్పుడసలు పోవట్లా. కంప్యూటర్‌కి ఆ సంగతేం తెలుసు? దానికి తెలిసినంతలో అన్నిటికంటే పెద్ద చలి మైనస్ నలభై. అదే చూపిస్తంది. అంత చలిలో ఏసీ ఎందుకని దాన్ని ఆపేసి హీటర్ పెట్టింది. దీన్ని ఎవరన్నా ఏ సుత్తితోనన్నా కొట్టారా?"

"కమిషనర్ గారు. కొబ్బరికాయతో."

బాషా కాసేపు ఆ బఠాణీ గింజను జాలిగా చూశాడు. కొత్తది వెయ్యడం పది నిమిషాల పనన్నాడు. సార్‌ని అడిగి తెల్లారి తీసుకొస్తానని చెప్పి వచ్చాను.

తెల్లారేసరికి ఆలస్యమైపోయింది. రిజిస్టర్‌లోంచి కంప్యూటర్లో మేం పంపిన అంకె రాజధానిలో తెర మీదికి ఎక్కింది. అక్కడ ఒక పెద్దాయన దాన్ని చూసి కమిషనర్ గారికి అభినందన సందేశం పంపారు. మార్చిలో ఊళ్ళో ఐదువందల మొక్కలు నాటాం లెండి, ఆ ఫలితమే ఇదని ఆయన అనుకున్నారు. 'మొక్కలు నాటిన రెండు నెలల్లోనే పట్టణ ఉష్ణోగ్రతను ఎనభై నాలుగు డిగ్రీలు తగ్గించి రాష్ట్రానికి ఆదర్శంగా నిలిచిన మీ కృషి ప్రశంసనీయం' అని ఉంది అందులో. ఆ మొక్కల్లో నాలుగువందల తొంభై ఏప్రిల్‌లోనే ఎండకు మాడిపోయాయి. ఆ సంగతి డేటాలో లేదు.

నేను వెళ్ళి సెన్సర్ చెడిపోయింది సార్ అన్నాను. కమిషనర్ గారు సందేశం చదవడం మూడోసారి పూర్తిచేసి, "చెడిపోయిందని తేల్చడానికి నువ్వెవరు, నేనెవరు? దానికొక విధానం ఉంటుంది" అన్నారు.

విధానం ప్రకారం సాంకేతిక నిర్ధారణ సంఘం ఏర్పడింది. కమిషనర్ గారు అధ్యక్షులు, సోమయాజులు గారు కన్వీనర్. బాషాను ప్రత్యేక ఆహ్వానితుడన్నారు, కుర్చీ మాత్రం వెయ్యలేదు. సమావేశం పైకప్పు కిందే జరిగినా, ఫ్యాన్ వేస్తే మైనస్ నలభైలో బాగుండదని ఆపేశారు.

"సెన్సర్ తప్పు చూపిస్తోందంటున్నావు. దేంతో పోల్చి?" అన్నారు సోమయాజులు గారు.

"బయట ఎండతో సార్" అన్నాడు బాషా.

"బయట ఎంతుంది?"

"నలభై అయిదన్నా ఉంటది."

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పేదేముంది సార్, మీ చొక్కా చూసుకోండి."

సోమయాజులు గారు తన చొక్కా వంక చూసుకోలేదు. సర్క్యులర్ తీసి చదివారు. "మొదటి పేరా ప్రకారం పట్టణ ఉష్ణోగ్రత అంటే ఈ వాహనం చూపేదే. వాహనం మైనస్ నలభై చూపుతోంది. కాబట్టి పట్టణ ఉష్ణోగ్రత మైనస్ నలభై. ఇప్పుడు పట్టణ ఉష్ణోగ్రతతో పోలిస్తే సెన్సర్ ఎంత తేడా చూపుతోంది?"

బాషా నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

"తేడా సున్నా" అన్నారు సోమయాజులు గారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత కచ్చితమైన పరికరాన్ని చూడలేదు. పైగా దీన్ని మారిస్తే, మార్చే ఆ పది నిమిషాలూ ఊరికి ఉష్ణోగ్రతే ఉండదు. అందుకు బాధ్యులెవరు?"

"సైదులన్నా, నా షాపు కాడ గిరాకీ ఉంది" అని బాషా వెళ్ళిపోయాడు. సెన్సర్ దివ్యంగా ఉందని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇక అక్కణ్ణుంచి పనులు చకచకా జరిగాయి. చలిగాలుల నుంచి ప్రజలను కాపాడే ప్రత్యేక ప్రణాళిక వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకు బస్టాండులో చలిమంటలు వేయించారు. చలివేంద్రం పేరులో చలి ఉంది కదా, మరింత చలి ఎందుకని ఎత్తేయించారు. గొంగళ్ళు పంచారు. తీసుకున్నవాళ్ళు వాటిని నాపరాయి కప్పు మీద పరిచి నీళ్ళు చల్లుకున్నారు. ఆ గొంగళ్ళ వల్ల ఊళ్ళో కొన్ని ఇళ్ళు నిజంగానే చల్లబడ్డాయి, అది కూడా పథకం విజయాల్లో రాసుకున్నారు.

కార్మికుల విరామం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మైనస్ నలభైకి నలభై రెండు దాటడం ఎంత దూరమో చూడండి. ఆరో రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మెయిన్ బజారులో చెప్పుల దుకాణం ముందు నాసరమ్మ తూలింది. అందరి కాళ్ళూ చూసే మనిషి కాళ్ళు చూడ్డానికి పక్కన ఎవరూ లేరు. దుకాణంవాడు పట్టుకోబట్టి తల నేలకు కొట్టుకోలేదు. అటుగా కారులో పోతున్న నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను. కమిషనర్ గారు అప్పుడు కారులో లేరు కాబట్టి జనం ఏమనుకుంటారన్నది పక్కన పెట్టి నాలుగు అద్దాలూ దించేశాను. 

ఆసుపత్రి నర్సు తడిగుడ్డలు వేసి సెలైన్ పెట్టింది. సాయంత్రానికి నాసరమ్మ కళ్ళు తెరిచింది. ఈలోగా మా ఆఫీసువాళ్ళు ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చి, తడిగుడ్డలు తీసేసి గొంగళి కప్పి, ఫొటో తీసుకుని, మళ్ళీ తడిగుడ్డలు వెయ్యమని చెప్పి వెళ్ళారు. నివేదికలో 'అతి శీతల ప్రభావం వలన స్పృహ తప్పినది' అని రాశారు.

"తమ్ముడూ" అంది నాసరమ్మ నన్ను చూసి. "ఏసోబు పోయినప్పుడు వడదెబ్బని రాశారు. ఇయ్యాల నేను పోయుంటే చలికి పోయిందని రాసేవోళ్ళంట గదా. నా బిడ్డ ఊళ్ళో ఏమని చెప్పుకోవాల? మా అమ్మ మే నెల్లో చలికి బిగుసుకుపోయిందనా?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. పద్నాలుగేళ్ళలో సార్ల మీద నాకు కోపం రాక కాదు, వచ్చినప్పుడల్లా కారు కడుక్కునేవాణ్ణి. ఆ వేళ కారు కడగబుద్ధి కాలేదు. నేరుగా సోమయాజులు గారి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఎండ గురించి మాట్లాడితే ఆయనకు వినబడదని నాకు తెలుసు.

"అయ్యగారూ, ఇంత చలిలో కార్మికుల్ని పనిలో పెట్టొచ్చాండీ? దానికేమైనా రూలుందేమో, రేపు ఎవరైనా అడిగితే మీ మీదికొస్తుందేమోనని."

మీ మీదికి అనగానే ఆయన లేచి ఇనప బీరువా తెరిచారు. అడుగున పారిశుధ్య నిర్వహణ నియమావళి ఉంది. ఎప్పుడో ఏదో కొండ ప్రాంతం ఊరి పుస్తకాన్ని మక్కీకి మక్కీ దించుకుని, ఊరిపేరు మాత్రం కొట్టేసి నల్లబండపాడు అని రాసుకున్నారు. ఆయన పేజీలు తిప్పి తిప్పి ఒకచోట ఆగి పైకి చదివారు.

'ఉష్ణోగ్రత సున్నకు దిగువన నమోదైన ఏ దినముననైనను, మంచు కరుగు వేళ, అనగా మధ్యాహ్నము పన్నెండు మొదలు నాలుగు గంటల వరకు, కాలుజారి పడు ప్రమాదమున్నందున కార్మికులను ఆరుబయట పనిలో ఉంచరాదు. వారిని పైకప్పు గల చోట కూర్చుండబెట్టి వేడి పానీయము ఇవ్వవలెను.'

నేను ఇంకోసారి చదివించుకున్నాను. ఏడు రోజులు ఆగాలని అందులో ఎక్కడా లేదు. ఒక్క రోజు చాలు.

ఫైలు కమిషనర్ గారి ముందుకు వెళ్ళింది. ఆయన చదివి, "మన ఊళ్ళో మంచు ఎక్కడుందయ్యా?" అన్నారు.

"మైనస్ నలభైలో మంచు లేదంటే డేటాను శంకించినట్టవుతుంది సార్" అన్నారు సోమయాజులు గారు వినయంగా. కమిషనర్ గారు మారుమాట లేకుండా సంతకం పెట్టారు.

అట్లా మర్నాటినుంచి నలభై ఆరుమందికీ పన్నెండు నుంచి నాలుగు దాకా నీడ దొరికింది. నీళ్ళ ట్యాంకు కింద పంపుహౌస్ వరండాలో కూర్చునేవాళ్ళు. రూలు ప్రకారం పొగలు కక్కే టీ వచ్చేది, దాన్ని కుండలో నీళ్ళ మీద తేల్చి చల్లార్చుకుని తాగేవాళ్ళు. వేడి పానీయాన్ని చల్లార్చుకోవడం నియమోల్లంఘన అవునా కాదా అని సోమయాజులు గారు రెండు రోజులు మథనపడి, ఇచ్చేవరకే మన బాధ్యత అని తేల్చుకున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన నాసరమ్మ ఆ వరండాలో గోడకు ఆనుకుని, కాళ్ళు బారజాపుకుని, ఎవరి కాళ్ళవంకా చూడకుండా కునుకు తీసేది.

మా ప్రతాపం నేర్చుకోవడానికి పక్క జిల్లాల నుంచి ముగ్గురు కమిషనర్లు స్వెట్టర్లు వేసుకుని వచ్చారు. కారులో ముగ్గుర్నీ వెనక కూర్చోబెట్టి ఊరంతా తిప్పాను. ఒకాయన మఫ్లర్ తియ్యనా వద్దా అని పక్కాయన్ని చూశారు, పక్కాయన టోపీ తియ్యనా వద్దా అని ఆయన్ని చూశారు. ముగ్గురూ ఏమీ తియ్యకుండా అద్భుతం అద్భుతం అంటూనే తిరిగి, దిగాక వరసగా మెట్ల మీద కూలబడ్డారు. రాష్ట్రంలో అతి శీతల పట్టణంగా మాకు అవార్డు ప్రకటించారు. జూన్‌లో ఇస్తామన్నారు.

అంతా సవ్యంగా నడుస్తున్న సమయంలో ఒకే ఒక్కచోట పని సక్రమంగా జరిగి మా కొంప ముంచింది. కారుకు మొదటి ఉచిత సర్వీసింగ్ వచ్చింది. శనివారం సాయంత్రం పట్నంలో షోరూమ్‌లో వదిలి వచ్చాను. అక్కడివాళ్ళు సర్క్యులర్ చదవలేదు పాపం. సెన్సర్ పోయిందని కనిపెట్టి, గ్యారంటీలో ఉంది కదా అని, ఎవరినీ అడక్కుండా కొత్తది వేసేశారు.

సోమవారం పొద్దున తెచ్చుకోవడానికి వెళ్ళి కారులో కూర్చుంటే తెర మీద నలభై ఆరు. చల్లటి గాలి పడిశం పట్టేంత చల్లగా వచ్చింది. చెమటకాయలతో, సెగగడ్డలతో పదిహేను రోజులుగా వాలి కూర్చోలేకపోతున్న కమిషనర్ గారు మొట్టమొదటిసారి సీటుకు వీపు ఆనించి, "అబ్బ" అని కళ్ళు మూసుకున్నారు. ఆఫీసుకు చేరినా దిగలేదు. కారులోనే ఒక ఫైలు చూశారు. ఆ ఫైలులో చలి విరామం తక్షణం రద్దు.

"సార్, ఇప్పుడు నలభై ఆరుంది. ఎండ విరామం ఇవ్వాలి కదా" అన్నాను.

"సర్క్యులర్‌లో ఏముంది? వరుసగా ఏడు రోజులు. ఏడు రోజులు రానీ, నేను వద్దంటానా?" అన్నారు ఆ చల్లగాలిలో, కళ్ళు తెరవకుండానే.

న్యాయంగానే ఉందనిపించింది. నాసరమ్మకు అదే చెప్పాను. వాళ్ళు మళ్ళీ చీపుళ్ళు పట్టుకుని పన్నెండు గంటల ఎండలోకి వెళ్ళారు. సోమవారం నలభై ఆరు. మంగళవారం నలభై అయిదు. బుధ, గురు, శుక్ర, శనివారాలు నలభై ఆరుకు తగ్గలేదు. మెయిన్ బజారులో నాసరమ్మ నన్ను చూసి వేళ్ళు లెక్కపెట్టి చూపించేది. శనివారం ఆరు వేళ్ళు చూపించి, "రేపొక్కరోజు" అంది.

సోమవారం పొద్దున రిజిస్టర్ చూశాను. ఆదివారం గడిలో సున్నా ఉంది.

"ఆదివారం వాహనం బయటికి తియ్యం కదయ్యా" అన్నారు సోమయాజులు గారు. "ఉష్ణోగ్రత నమోదు కాలేదు. గడి ఖాళీగా వదిలితే రాజధాని కంప్యూటర్ తీసుకోదు. సున్నా వేశాను. సున్నా నలభై రెండు దాటలేదు కాబట్టి లెక్క ఇవాళ్టి నుంచి మళ్ళీ ఒకటి."

"పోనీ వచ్చే ఆదివారం నేనొచ్చి కారు స్టార్ట్ చేస్తానండీ. జీతం ఏమీ అడగను."

"సెలవు దినాన అధికార వాహనం వాడరాదు. అది వేరే సర్క్యులర్."

నేను ఆయన వంక చూశాను. ఆయన మొహంలో దుర్మార్గం ఏమీ లేదు. ఏ వారంలోనైనా ఒక ఆదివారం ఉంటుందని, అది ఉన్నంతకాలం నల్లబండపాడులో ఎండాకాలం రాదని ఆయనకు నిజంగా తోచలేదు. తోచినా ఆయన చెయ్యగలిగిందేమీ లేదు.

పదకొండున్నరకు మెయిన్ బజారుకు వెళ్ళి నాసరమ్మకు చెప్పాను. ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మాకంటే చదువు తక్కువ. చీపురు కర్ర మీద గడ్డం ఆనించి, రోడ్డు అవతల ఊడుస్తున్న ఏసోబు పెళ్ళాం కాళ్ళవంక చూస్తూ అంది.

"మనూళ్ళో ఎండకి ఇలువ లేదు తమ్ముడూ. ఆ చలే నయం. ఎట్టన్నా మళ్ళీ తెప్పియ్యి."

నేను ఆఫీసుకు తిరిగొచ్చాను. కారును పోర్టికో పక్కన ఆపి, టైరులో గాలి చూస్తున్నట్టు ముందుకు వెళ్ళి గొంతుక్కూర్చున్నాను. బాషా చూపించిన చోట బంపర్ కిందికి చెయ్యి పోనిచ్చి, క్లిప్పు నొక్కి, ప్లగ్ లాగేశాను. అంతకుముందు పద్నాలుగేళ్ళలో ప్రభుత్వ వాహనానికి నేను చిన్న గీత కూడా పడనివ్వలేదు.

పన్నెండుకు కమిషనర్ గారు వచ్చి ఎక్కారు. అప్పటికి రాజధాని నుంచి రెండు ఫోన్లు వచ్చి ఉన్నాయి, చలి ఏమైంది, అవార్డు ఎవరికివ్వాలి అని. ఆయన తెర వంక చూశారు. మైనస్ నలభై. హీటర్ గాలి ఇద్దరి మొహాల మీదికీ కొట్టింది. ఆయన నా వంక చూశారు. నేను రోడ్డు వంక చూశాను. నుదుటి నుంచి జారిన చెమట ముక్కు చివరికి వచ్చాక తుడుచుకున్నారు. ఆ తర్వాత ఫోన్ తీసి సోమయాజులు గారితో మాట్లాడారు.

"చలి మళ్ళీ మొదలైందయ్యా. ఆ మంచు కరిగే రూలు ఫైలు పెట్టు, సంతకం చేస్తాను. రాజధానికి కూడా చెప్పు."

మెయిన్ బజారు మీదుగా పోతుంటే కార్మికులు ఫైలు కదిలేదాకా ఆగకుండా అప్పటికే చీపుళ్ళు భుజాన వేసుకుని పంపుహౌస్ వైపు నడుస్తున్నారు. కమిషనర్ గారి కారు కనబడగానే నాసరమ్మ కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని, చేతులు ముడుచుకుని, కాస్త వణికింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ వణికారు. సార్ వాళ్ళకేసి తల పంకించారు.

జూన్ మూడో వారంలో వానలు పడేదాకా మా ఊళ్ళో చలి తగ్గలేదు. నేను తగ్గనివ్వలేదు.